పసరు తాగితే ఒంట్లో సీసం పోతుందా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. సీసం, రాగి, ఇత్తడి, వాటివల్ల లివర్ దెబ్బతినడం, దానికి ఏ ఆకు మంచిది అని. విడివిడిగా రాసేకంటే ఒకచోట రాస్తే ఒకరి జవాబు ఇంకొకరికి పనికొస్తుందని ఈ నెల మన శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు): డాక్టరు గారికి నమస్కారం. మా ఆయన పదేళ్లకు పైగా బ్యాటరీల షాపులో పనిచేస్తున్నారు. పాత బ్యాటరీలు విప్పి ప్లేట్లు తీయడం, సీసం కరిగించి పోయడం ఆయన పని. ఈ మధ్య తరచూ కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, మలబద్ధకం, ఒకటే నీరసం. లివర్ టెస్టు చేయిస్తే అంతా నార్మల్ అన్నారు. మా అత్తగారేమో ఒంట్లో సీసం చేరింది, లివర్ కడగాలి అని పసరు ఇచ్చే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. నేల ఉసిరి, గుంటగలగరాకు కలిపి నూరి పరగడుపున ఇస్తున్నారు. నలభై రోజులు తాగాలంట, పాలు, గుడ్లు, చేపలు, మాంసం ముట్టకూడదంట. పనికి మాత్రం రోజూ పోతూనే ఉన్నారు. ఇది మంచిదేనా? ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది.

జవాబు: అమ్మా, మీ అత్తగారు సీసం అని అనుమానించడం నూటికి నూరుపాళ్లు సరైన ఆలోచన. ఆ పనిలో ఉన్న మనిషికి కడుపు మెలిపెట్టే నొప్పి, మలబద్ధకం, నీరసం మూడూ కలిసి వచ్చాయంటే నేనైనా ముందు అదే అనుకుంటాను. ఆమెతో వాదన పెట్టుకోకండి. తేడా అంతా ఆ తరువాత ఏం చేయాలన్న దగ్గరే ఉంది.

మొదట చేయాల్సింది రక్తంలో సీసం ఎంతుందో చూపించడం, మీ ఆయనకీ, పాపకీ, మీకూ. దీన్ని బ్లడ్ లెడ్ టెస్టు అంటారు. మామూలు ల్యాబులో చేయరు, రక్తం తీసుకుని పెద్ద ల్యాబుకు పంపిస్తారు, రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. మీరు చేయించిన లివర్ టెస్టు ఈ పని చేయదు. సీసం ముందుగా పట్టేది రక్తాన్ని, పేగుల్ని, నరాల్ని, కిడ్నీల్ని, పిల్లల్లో అయితే మెదడుని. లివర్ మీదా దాని ప్రభావం ఉంటుంది కానీ లివర్ టెస్టులో చూసే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ఎంజైములు నార్మల్‌గా ఉండగానే మనిషి సీసంతో బాగా దెబ్బతిని ఉండొచ్చు. అందుకే ఆ కాగితం చూసి ధైర్యపడొద్దు, అలాగే “లివర్ కడగాలి” అన్న మాటనూ నమ్మొద్దు. పెద్దవాళ్ల ఒంట్లో చేరిన సీసంలో తొంభై శాతానికి పైగా ఎముకల్లో కూర్చుంటుంది. రక్తంలోది సుమారు నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది గానీ ఎముకల్లోది కదలడానికి ఏళ్లు, దశాబ్దాలు పడుతుంది.

ఇక పసరు. నేల ఉసిరిని నేను తక్కువ చేసి మాట్లాడను. మన ఊళ్లలో కామెర్లకు ఎన్ని తరాలుగా వాడుతున్నారో అందరికీ తెలుసు. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లూంబర్గ్ కలిసి లాన్సెట్ పత్రికలో దీని గురించి రాశారు. నేల ఉసిరి వాడిన చాలామంది రక్తంలో హెపటైటిస్ బి గుర్తు పోయిందన్నది అందులోని మాట. ప్రపంచం మొత్తం ఈ మొక్క వైపు చూసింది. తరువాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో మాత్రం ఆ ఫలితం నిలబడలేదు. మరి ఊళ్లో పసరు తాగినవాళ్లకి కామెర్లు తగ్గుతున్నాయి కదా అంటారు. మనకు ఎక్కువగా వచ్చే కామెర్లు నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలవి, అవి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, పేరు ఆకుకు వస్తుంది. సీసం అలా తగ్గే రకం కాదు, ఎందుకంటే మీ ఆయన రోజూ మళ్లీ అక్కడికే వెళ్తున్నారు.

ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది పసరు కూడా కాదమ్మా, దానితో పెట్టిన పథ్యం. ఖాళీ కడుపు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్నా అంతే, పేగులు వాటిని వెతుక్కుంటూ సీసాన్ని కూడా లోపలికి రానిస్తాయి. పొద్దున్నే పసరు తప్ప ఏమీ తినకుండా షాపుకు వెళ్లడం, పాలు, గుడ్డు, చేప, మాంసం మానేయడం, ఇవన్నీ సీసానికి తలుపు తీసి పెట్టడమే. ఈ రోజు నుంచే ఆయన టిఫిన్ తిని పనికి వెళ్లాలి. పాలు, పెరుగు, గుడ్డు, చేపలు, రాగి సంకటి, ఆకుకూరలు, నిమ్మకాయ, జామకాయ అన్నీ పెట్టండి.

ఆకు ఎక్కడ కోశారో కూడా అడగండి. గుంటగలగర తేమ నేల మొక్క, పొలం గట్టు మీద ఎంత బాగా పెరుగుతుందో మురుగు కాలువ పక్కనా అంతే బాగా పెరుగుతుంది. (గుర్తుపట్టడం తేలికే, తెల్లటి చిన్న పూలు, కాడను వేళ్ల మధ్య నలిపితే కాసేపటికి రసం నల్లబడుతుంది.) మొక్క తను నిలబడ్డ నేలలో ఉన్నదాన్ని పీల్చుకుంటుంది. బ్యాటరీ యాసిడ్ పారబోసే కాలువ గట్టున కోసిన ఆకులో సీసం ఉండొచ్చు. మూలికల్లో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆయుర్వేద ఫార్మకోపియాలోనే (మందుల ప్రమాణాల పుస్తకం) హద్దు పెట్టారంటే, ఆకుల్లో అవి చేరతాయని తెలిసే కదా.

ఇప్పుడు పాప సంగతి. నేనొకసారి ఇలాంటి షాపుకు వెళ్లినప్పుడు ప్లేట్లు పగలగొట్టే బల్ల మీదే అన్నం క్యారియర్ కనిపించింది, దాని మూత మీద బూడిదరంగు పొడి, వేలితో గీస్తే గీత పడేంత మందంగా. ఆ పొడే చొక్కాకు, జుట్టుకు, చెప్పులకు అంటుకుని ఇంటికి వస్తుంది. నేల మీద ఆడుకునే పిల్ల చేతికి, చేతి నుంచి నోటికి. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెసీలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు ఉన్నా అది ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని 2021లో మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి ఆయన పని బట్టలు షాపులోనే విప్పాలి, అక్కడే సబ్బుతో చేతులు, మొహం కడుక్కోవాలి, వీలైతే స్నానం చేసి రావాలి. ఆ బట్టలు విడిగా ఉతకండి. ఇల్లు పొడి చీపురుతో ఊడ్చేకంటే తడిగుడ్డతో తుడవండి, పొడి చీపురు దుమ్ము లేపుతుంది. షాపులో తినడం, బీడీ కాల్చడం మానాలి. సీసం కరిగించే పని నుంచి కనీసం రిపోర్టు వచ్చేదాకా తప్పుకోమనండి, అమ్మకం పనో డెలివరీ పనో ఇవ్వమని యజమానిని అడగమనండి.

రిపోర్టులో సీసం బాగా ఎక్కువగా వస్తే సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపే అసలు మందులున్నాయి. చీలేషన్ అంటారు. పిల్లలకు డెసీలీటరు రక్తంలో 45 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే ఇది మొదలుపెడతారు, పెద్దవాళ్లకు అంకెతోపాటు లక్షణాలు కూడా చూసి డాక్టరు నిర్ణయిస్తారు. ఆ మందు వాడుతూ కూడా పని మానకపోతే ప్రయోజనం ఉండదు, కొత్తగా వచ్చే సీసం ఇంకా ఎక్కువ లోపలికి పోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు “కడుపునొప్పి” అని మాత్రమే చెప్పి ఊరుకోకండి, “బ్యాటరీల సీసం పని చేస్తారు” అన్నది మొదటి వాక్యంగా చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల అల్సర్ అనుకుని నెలల తరబడి గ్యాస్ మాత్రలు మింగేవాళ్లు ఎందరో.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక ఫార్మసీ విద్యార్థిని): సార్, లెడ్ అసిటేట్ (సీసం ఉప్పు) ఇచ్చిన ఎలుకలకు నేలవేము, పునర్నవ, పసుపు లాంటి మొక్కల సారం ఇస్తే లివర్ బాగుపడిందని బోలెడు పేపర్లున్నాయి. నా ప్రాజెక్టు కూడా అదే. ఇంత స్పష్టంగా ఫలితాలుంటే మనుషులకు ఎందుకు వాడటం లేదు? మా ఇంట్లో కూడా ఇదే అడుగుతున్నారు.

జవాబు: తల్లీ, మంచి ప్రశ్న, ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే అడిగావు కాబట్టి ఇంకా సంతోషం. ఆ పేపర్లలో రాసినవి అబద్ధాలని నేననను. సీసం, కాడ్మియం, పాదరసం లాంటివి లివర్ కణాల్లోని గంధకం ఉన్న ప్రొటీన్లకు అతుక్కుంటాయి, కణాన్ని ఆక్సీకరణ నుంచి కాపాడే గ్లూటాథయోన్ నిల్వలు ఖర్చయిపోతాయి, అప్పుడు ఆక్సీకరణ వల్ల కణాల పొరలు దెబ్బతిని లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. అవే నువ్వు కొలిచే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్, పసుపులోని కర్కుమిన్, గుంటగలగరలోని వెడెలోలాక్టోన్ ఈ ఆక్సీకరణను తగ్గించగలవు. అంతవరకు లెక్క సరిపోతుంది.

కానీ ఆ ఎలుకకు జరిగింది ఏమిటో ఒకసారి చూడు. దానికి పెద్ద మోతాదు సీసం ఉప్పు కొన్ని వారాలపాటు నోట్లో పోస్తారు, మొక్క సారం కూడా అదే రోజుల్లో, చాలాసార్లు సీసం కంటే ముందే ఇస్తారు. మన బ్యాటరీ షాపు మనిషి కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి పీల్చి, ఆ తరువాత ఆకు కోసం వెతుకుతాడు. రెండూ ఒకటి కావు. ఇంకోటి, రెండూ ఒకే కడుపులోకి దగ్గరదగ్గరగా పోస్తే మొక్కలోని టానిన్లు (వగరు పదార్థాలు) సీసాన్ని పేగులోనే పట్టేసి ఉండొచ్చు. అప్పుడు లివర్‌ను కాపాడింది మొక్క గుణమా, లేక అసలు సీసమే తక్కువ ఎక్కిందా? ఎంజైములు మాత్రమే కొలిస్తే ఇది ఎప్పటికీ తేలదు. లివర్‌లో, కిడ్నీలో, ఎముకలో సీసం ఎంత మిగిలిందో అటామిక్ అబ్జార్ప్షన్ (లోహం ఎంతుందో కొలిచే యంత్రం) మీద చూసిన పేపర్లనీ చూడనివాటినీ విడదీసి చదువు, చాలా సంగతులు అర్థమవుతాయి.

మోతాదు కూడా వేసి చూడు. కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారం ఎలుకకు ఇచ్చారనుకో. ఎలుక నుంచి మనిషికి మార్చేటప్పుడు సుమారు ఆరుతో భాగిస్తారు కాబట్టి అరవై కిలోల మనిషికి రోజుకు నాలుగు గ్రాముల చిక్కటి సారం అవుతుంది. వంద గ్రాముల ఎండు ఆకుకు పది గ్రాముల సారం వచ్చిందనుకున్నా రోజూ నలభై గ్రాముల ఎండు ఆకు, అదీ నీళ్లలో కాదు, చాలా పేపర్లలో ఆల్కహాల్‌లో తీసిన సారం. ఇంట్లో కాచే గ్లాసు కషాయంతో దీన్ని పోల్చడానికే లేదు.

మనుషుల మీద చేసినది అసలే లేదని కాదు. ఇరాన్‌లోని మష్హద్‌లో కారు బ్యాటరీ కార్మికులు 117 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వెల్లుల్లి మాత్రలు, ఇంకో గుంపుకు చీలేషన్ మందు డి-పెనిసిలమిన్ నాలుగు వారాలు ఇచ్చి రక్తంలో సీసం కొలిచారు. 2012లో అచ్చయింది. రెండు గుంపుల్లోనూ సీసం దాదాపు ఒకేలా తగ్గింది, వెల్లుల్లికి ఇబ్బందులు తక్కువ. నాకు ఆ పేపరు నచ్చింది, ఎందుకంటే మనుషుల్లో, అదే పని చేసేవాళ్లలో, రక్తంలోని సీసాన్నే కొలిచారు. అయితే ఏ మందూ ఇవ్వని మూడో గుంపు ఉంటే ఇంకా గట్టిగా చెప్పగలిగేవాళ్లం, పైగా అది తక్కువ నుంచి మధ్యస్థంగా సీసం ఉన్నవాళ్ల సంగతే. పై ఉత్తరం రాసిన అమ్మ ఇది చదివి వెల్లుల్లితో ఆగిపోకూడదు.

నీ ప్రాజెక్టుకు నా సలహా కూడా చెబుతాను. మొక్కను వృక్షశాస్త్రం తెలిసినవాళ్లతో గుర్తింపజేసి నమూనా కాలేజీలో భద్రపరచు, నేల ఉసిరి పేరుతో మన దగ్గర ఒకటికి మించిన మొక్కలు తిరుగుతున్నాయి. ముందు ఆ ఆకులోనే సీసం ఎంతుందో చూడు. సీసం ఆపేసిన తరువాత సారం మొదలుపెట్టే గుంపు ఒకటి తప్పకుండా పెట్టు, మనుషులకు దగ్గరగా ఉండేది అదే. జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క ఎలుకను కూడా ముట్టొద్దు. ఫలితం రాకపోతే రాలేదనే రాయి, మార్కులు తగ్గుతాయని టెన్షన్ పడకు. మన దగ్గర మొక్కల మీద రాని ఫలితాలు అచ్చు కావడమే తక్కువ.

ప్రశ్న (కావలి నుంచి ఒక గృహిణి): అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె ఉంది. కళాయి అరిగిపోయింది, వేసేవాళ్లు దొరకడం లేదు. చేపల పులుసు అందులో పెడితేనే రుచి అంటారు మావారు. మర్నాటికి అంచుల్లో పచ్చగా చిలుము కనిపిస్తోంది. వెల్లుల్లి, మెంతులు వేస్తున్నాం కాబట్టి విరుగుడు అయిపోతుందా?

జవాబు: అవదమ్మా. ఆ గిన్నెలో పులుసు ఈ రోజే ఆపేయండి. మన నెల్లూరు చేపల పులుసు అంటే చింతపండు, మామిడికాయ, టమాటా, పైగా రాత్రి పెట్టి మర్నాడు తింటేనే బాగుంటుందంటాం. కళాయి లేని ఇత్తడికి ఇంతకంటే చెడ్డ కూర ఇంకోటి లేదు. ఆ పులుపు రాత్రంతా రాగిని లాగుతుంది, మీకు కనిపించే పచ్చటి చిలుము అదే. ఎక్కువైతే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. ఇత్తడిలో, చవక కళాయిలో సీసం కలిసి ఉండే అవకాశం కూడా ఉంది. మట్టి దాకలో పెట్టుకోండి, లేకపోతే స్టీలు. కళాయి వేయించినా నమ్మకమైన మనిషి చేత, అసలైన తగరంతోనే వేయించాలి.

పెద్దవాళ్లు వాడలేదా అంటారేమో, వాళ్లు కళాయి వేయించుకునేవాళ్లు, కళాయి పోతే పులుపు వండేవాళ్లు కాదు. అయినా నష్టం జరగలేదని కాదు. ఒకప్పుడు మన దేశంలో మూడేళ్లలోపు పసిపిల్లలకు లివర్ గట్టిపడి ప్రాణం పోయే జబ్బు ఒకటి ఉండేది, వాళ్ల లివర్లలో విపరీతంగా రాగి కనిపించేది. ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిల్వ పెట్టిన పాలు పట్టిన ఇళ్లలో ఇది ఎక్కువని 1980లలో పుణేలో పిల్లల డాక్టర్లు గమనించారు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. ఏ ఆకూ చేయలేని పని గిన్నె మార్చడం చేసింది. అలాగని తుక్కు కరిగించి పోతపోసిన చవక అల్యూమినియం, హిండాలియం గిన్నెలు కొనకండి. మన దేశం నుంచి వెళ్లిన అలాంటి కొన్ని పాత్రల నుంచి సీసం తిండిలోకి దిగుతోందని 2025లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆ గిన్నె అమ్మ జ్ఞాపకం కదా, బియ్యమో పప్పో పోసుకోండి.

ప్రశ్న (దర్శి నుంచి ఒక తల్లి): మా బాబుకు పన్నెండేళ్లు. విల్సన్ జబ్బు అన్నారు, లివర్‌లో రాగి చేరుతోందని. పెనిసిలమిన్ మాత్రలు వాడుతున్నాం. జీవితాంతం వాడాలంటే భయంగా ఉంది. నేల ఉసిరి చూర్ణం వాడితే ఆ మాత్రలు మానేయొచ్చని బంధువులు గట్టిగా చెబుతున్నారు.

జవాబు: అమ్మా, దయచేసి ఆ మాత్రలు ఒక్క రోజు కూడా ఆపకండి. ఈ పేజీలో మిగతావన్నీ తరువాత చదవచ్చు, ఇది మాత్రం ఇప్పుడే మీ ఇంట్లో అందరికీ చెప్పండి. విల్సన్ జబ్బులో మందు మానేసిన పిల్లలకు కొన్ని నెలల్లోనే లివర్ పూర్తిగా పాడై ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి, మళ్లీ మందు మొదలుపెట్టినా అప్పుడు లొంగకపోవచ్చు.

మనం తినే తిండిలోని రాగి అవసరమైనంత వాడుకున్నాక మిగిలింది లివర్ పిత్తంలోకి వదిలేస్తుంది. అలా వదిలే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు మీ బాబులో పనిచేయడం లేదు. అంటే రాగి బయటికి పోయే దారే మూసుకుపోయింది. పెనిసిలమిన్ ఆ రాగిని పట్టుకుని మూత్రం దారి పట్టిస్తుంది. జింక్ మాత్రలైతే పేగులోనే రాగిని ఆపుతాయి. నేల ఉసిరి ఈ రెండు పనుల్లో ఒక్కటీ చేస్తుందని మనుషుల్లో రుజువు లేదు. లివర్‌కు మంచిదన్న పేరు చాలదు. జీవితాంతం మందు అనే మాట భయపెడుతుంది, నిజమే, కానీ ఈ మందు సరిగ్గా వాడుకుంటూ చదువుకుని, ఉద్యోగాలు చేసి, పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లున్నారు. మందు మొదట్లో జ్వరం, దద్దుర్లు వచ్చినా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా డాక్టరు మందు మారుస్తారు, మీరు మాత్రం సొంతంగా ఆపొద్దు. విటమిన్ బి6 కూడా రాసి ఉంటారు, అదీ వేయండి.

బాబుకు రాగి చెంబులో నీళ్లు పొరపాటున కూడా ఇవ్వొద్దు. ఈ మధ్య ప్రతి ఇంట్లో రాగి సీసాలు వచ్చేశాయి, బంధువుల ఇళ్లలో కూడా చెప్పండి. లివర్ మాంసం, రొయ్యలు, పీతలు, పుట్టగొడుగులు, జీడిపప్పు, చాక్లెట్ బాగా తగ్గించాలి. మన కోస్తాలో రొయ్యలు మానడం పిల్లలకు కష్టమే, చేప పెట్టండి. ఇంకో ముఖ్యమైన సంగతి, తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. బాబు తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగో వంతు అవకాశం ఉంటుంది కాబట్టి పైకి ఆరోగ్యంగా కనిపించినా అందరికీ పరీక్ష చేయించండి. ముందే తెలిస్తే లివర్ చెడకముందే మందు మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న (కోవూరు నుంచి): కరోనా అప్పటినుంచి తిప్పతీగ రసం, పసుపు క్యాప్సూల్స్ రోజూ వాడుతున్నాను, లివర్‌కు మంచిదని. కొనసాగించవచ్చా?

జవాబు: ఆపేసి ఒకసారి లివర్ టెస్టు చేయించుకోండి. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ వాపు వచ్చిన కేసుల్ని 2021లో ముంబై డాక్టర్లు పేపరులో రాశారు, తరువాత ఇతర నగరాల నుంచీ వచ్చాయి. ఆయుష్ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, వాళ్లు వాడింది అసలు తిప్పతీగ కాకుండా దాని జాతికే చెందిన ఇంకో తీగ అయ్యుండొచ్చంది. మీ సీసాలో ఏ తీగ ఉందో మీకూ నాకూ తెలియదు కాబట్టి వాదన ఎటు తేలినా మీరు చేయాల్సింది ఒకటే. పసుపు కూరలో వేసుకోండి, ఎంత కావాలంటే అంత. మిరియాల సారం కలిపి రక్తంలోకి ఎక్కువ ఎక్కేలా చేసిన క్యాప్సూల్స్ వేరు, వాటితో లివర్ దెబ్బతిన్నవాళ్లు అమెరికాలో నమోదయ్యారు. ఇంట్లో భస్మాలు కలిసిన లివర్ టానిక్ ఏదైనా ఉంటే అదీ పక్కన పెట్టండి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో కనిపించాయని 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చింది.

ప్రశ్న (కనిగిరి నుంచి ఒక ఉపాధ్యాయుడు): మా ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు తెలిసిందే. లివర్‌నీ ఎముకల్నీ కాపాడే ఆకు ఏదైనా ఉందా? పిల్లలకు ఏం చెప్పమంటారు?

జవాబు: మాస్టారూ, ఫ్లోరైడ్ లోహం కాదు గానీ మీ ఉత్తరం పక్కన పెట్టబుద్ధి కాలేదు. ఆకు అడిగారు, నేను కాయ చెబుతాను. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడి పిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. 2002లో అచ్చయింది. బయటికి ఎంత పోయిందో కొలిచారు చూడండి, ఒంగోలు అమ్మాయికి నేను చెప్పింది ఇలాంటి కొలత గురించే. మన ఇళ్లలో చారు, పులుసు, పచ్చడి రూపంలో చింతపండు ఎలాగూ ఉంది, పిల్లలకు మానిపించకండి. దానితో పాటు పాలు, పెరుగు, జామ, ఉసిరి పెట్టించండి, కాల్షియం, విటమిన్ సి తక్కువైన పిల్లల్ని ఫ్లోరైడ్ ఎక్కువ బాధపెడుతుంది.

అయినా చింతపండు బోరు నీటిని బాగుచేయదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది, ఈ పొరపాటు చాలా ఇళ్లలో చేస్తున్నారు. మీ బడి బోరు నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు పంపించండి. అంకె ఎక్కువగా వస్తే ఆ బోరు తాగడానికీ వంటకీ ఆపించి, మధ్యాహ్న భోజనం కూడా ఆర్‌ఓ నీళ్లతోనో, వాననీళ్లతోనో, నది నీళ్ల పైపుతోనో వండించేలా చూడండి. తాగే నీళ్లు మార్చి వంట నీళ్లు మర్చిపోతున్న బళ్లు ఉన్నాయి, అన్నం ఆ నీళ్లన్నీ పీల్చుకుంటుంది.